స్కాట్లాండ్‌కి సొంత పార్లమెంటు ఉంది కదా, మళ్ళీ స్వపరిపాలన గొడవ ఎందుకు?

మీ ప్రశ్న ఇదీ: వచ్చే సెప్టెంబరులో మాస్టర్స్ చదవడానికి గ్లాస్గో వస్తున్నారు. స్కాట్లాండ్‌కి సొంత పార్లమెంటు ఉందని చదివారు. అయినా విడిపోవాలన్న గొడవ ఎందుకు ఆగడం లేదు, 2014లో తెలంగాణ ఇచ్చినట్టు వాళ్ళకీ ఇచ్చేస్తే అయిపోయేది కదా అని అడిగారు.

నేను గ్లాస్గోలో సొలిసిటర్‌ని. హైదరాబాద్‌లో లా చదివి, ఇక్కడికొచ్చాక స్కాట్లాండ్ చట్టాన్ని మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను. ఇమిగ్రేషన్ కేసులు, ప్రభుత్వ నిర్ణయాలను సవాలు చేసే కేసులు చూస్తాను కాబట్టి, మీరు అడిగిన విషయం ఏదో ఒక ఫైల్ రూపంలో నా టేబుల్ మీదకి వస్తూనే ఉంటుంది.

సూటిగా చెప్తాను. స్కాట్లాండ్‌కి స్వపరిపాలన ఉంది, చాలానే ఉంది. కానీ అది లండన్ పార్లమెంటు చేసిన ఒక చట్టం వల్ల వచ్చింది, ఆ చట్టాన్ని మార్చే అధికారం ఇప్పటికీ లండన్ చేతిలోనే ఉంది. విడిపోవాలా వద్దా అని జనాన్ని అడగాలన్నా లండన్ ఒప్పుకోవాలి. గొడవంతా ఇక్కడే ఉంది. జెండా, చమురు, పాత యుద్ధాలు అన్నీ చర్చలోకి వస్తాయి గానీ, వాటన్నిటి కింద ఉన్న ప్రశ్న చివరి మాట ఎవరిదన్నదే.

ముందు తెలంగాణ పోలిక తేల్చేద్దాం, మనవాళ్ళు చాలామంది అక్కడే తికమక పడతారు. తెలంగాణ అడిగింది భారతదేశంలో ఉంటూనే సొంత రాష్ట్రం. దానికి దగ్గరగా ఉండేదాన్ని స్కాట్లాండ్ 1999లోనే తెచ్చుకుంది. 2014 సెప్టెంబరులో ఓటేసింది బ్రిటన్ నుంచి విడిపోయి వేరే దేశం కావాలా అన్న దాని మీద. పద్ధతి కూడా వేరు. రాజ్యాంగం 3వ అధికరణ కింద కొత్త రాష్ట్రం ఏర్పాటు మన పార్లమెంటు పని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2014 జనవరిలో బిల్లును తిరస్కరించినా ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసింది, జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఎక్కడా జనం ఓటు అడగలేదు. ఇక్కడ 1979లో, 1997లో, 2014లో మూడుసార్లు జనం దగ్గరకే వెళ్ళారు. రెండు కథల్లోనూ కలిసే విషయం ఒక్కటే, చివరి సంతకం కేంద్రానిది.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1707లో ఇంగ్లాండ్ పార్లమెంటూ, స్కాట్లాండ్ పార్లమెంటూ ఒక ఒప్పందాన్ని ఆమోదించాయి. ఆ ఏడాది మే 1 నుంచి రెండూ పోయి గ్రేట్ బ్రిటన్ పార్లమెంటు వచ్చింది. స్కాట్లాండ్ వీధుల్లో దానికి గట్టి వ్యతిరేకతే వచ్చింది. అయితే ఆ ఒప్పందంలో స్కాట్లాండ్ న్యాయవ్యవస్థనీ చర్చినీ విడిగా ఉంచుతామని రాసుకున్నారు, చదువులు కూడా వేరుగానే సాగాయి. నేను మళ్ళీ చట్టం చదవాల్సి రావడానికి కారణం అదే. దాదాపు మూడు వందల ఏళ్ళు స్కాట్లాండ్‌కి సొంత కోర్టులు ఉన్నాయి, సొంత చట్టం ఉంది, ఆ చట్టాన్ని చేసే సొంత సభ మాత్రం లేదు.

గ్లాస్గోలో దిగాక ఏదైనా ఎర్ర పోస్ట్ డబ్బా దగ్గర ఒక నిమిషం ఆగి చూడండి. ఇంగ్లాండ్‌లో ఎలిజబెత్ రాణి కాలంలో పెట్టిన డబ్బాల మీద ఆమె పొడి అక్షరాల మధ్య రోమన్ అంకె రెండు ఉంటుంది. ఇక్కడ ఆ కాలపు డబ్బాల మీద స్కాట్లాండ్ కిరీటం బొమ్మ ఒక్కటే ఉంటుంది. మొదటి ఎలిజబెత్ ఇంగ్లాండ్‌ని ఏలింది గానీ స్కాట్లాండ్‌ని ఏలలేదు, అలాంటప్పుడు ఈమెకు రెండో అంకె ఎలా వేస్తారని 1950ల్లో పెద్ద గొడవైంది. 1953లో స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో రెండో అంకె ఉన్న ఒక కొత్త డబ్బాని పేల్చేశారు కూడా. అదే అంకె మీద స్వపరిపాలన ఉద్యమ నాయకుడు జాన్ మెకార్మిక్ కోర్టుకెళ్ళి ఓడిపోయారు. కానీ ఆ తీర్పులో జడ్జి లార్డ్ కూపర్ అన్న మాటని ఇక్కడి లా విద్యార్థులందరూ చదువుతారు: పార్లమెంటుకి హద్దుల్లేని సార్వభౌమత్వం అన్నది ఇంగ్లాండ్ సూత్రం, స్కాట్లాండ్ రాజ్యాంగ చట్టంలో అలాంటిది లేదు అన్నారాయన. కేసుల్లో ఆ మాట పట్టుకుని గెలవడం కష్టం. కానీ "అధికారం జనానిది, పార్లమెంటుది కాదు" అని ఇక్కడివాళ్ళు అన్నప్పుడు దాని వెనక ఇంత చరిత్ర ఉందని మీకు తెలియాలి.

1979 సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. ఇక్కడి పెద్దవాళ్ళతో మాట్లాడితే ఆ చేదు ఇప్పటికీ వినిపిస్తుంది. ఎడిన్‌బరోలో ఒక అసెంబ్లీ కావాలా అని ఆ ఏడాది మార్చి 1న ఓటు పెట్టారు. కావాలన్నవాళ్ళు 12,30,937 మంది, వద్దన్నవాళ్ళు 11,53,502 మంది. అంటే 51.6 శాతంతో కావాలన్న పక్షమే గెలిచింది. అయినా అసెంబ్లీ రాలేదు. లండన్‌లో బిల్లు నడుస్తున్నప్పుడు జార్జ్ కన్నింగ్‌హామ్ అనే లేబర్ ఎంపీ ఒక సవరణ చేర్చారు. మొత్తం ఓటర్ల జాబితాలో 40 శాతం మంది "కావాలి" అనాలన్నది అందులో షరతు. వచ్చింది 32.9 శాతం. ఓటు వేయడానికి రానివాళ్ళు, జాబితాలో పేరుండి చనిపోయినవాళ్ళు, అందరూ లెక్కలో వద్దన్నట్టే అయ్యారు. అదే నెలాఖరున లండన్‌లో లేబర్ ప్రధాని కాలహన్ ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది, తర్వాత కన్జర్వేటివ్ నాయకురాలు థాచర్ ప్రధానిగా వచ్చారు. స్కాట్లాండ్ ఎక్కువ సీట్లు లేబర్‌కి ఇస్తూనే ఉంది, కన్జర్వేటివ్ ప్రభుత్వం పాలిస్తూనే ఉంది. ఆస్తి విలువతో సంబంధం లేకుండా తలకింత అని వేసే పోల్ టాక్స్‌ని 1989లో ఇంగ్లాండ్ కంటే ఏడాది ముందు ఇక్కడ అమలు చేశారు. స్వపరిపాలన అంటే పట్టించుకోని మామూలు జనం కూడా అటు తిరిగింది అప్పుడే.

1997 సెప్టెంబరు 11న మళ్ళీ అడిగితే 74.3 శాతం పార్లమెంటు కావాలన్నారు, 63.5 శాతం పన్ను మార్చే అధికారం కూడా కావాలన్నారు. 1998లో స్కాట్లాండ్ చట్టం, 1999 మేలో 129 మంది సభ్యులతో సభ. 1707 మార్చి 25న వాయిదా పడిన స్కాట్లాండ్ పార్లమెంటు మళ్ళీ సమావేశమైందని సభలో అందరికంటే పెద్ద వయసు సభ్యురాలు విన్నీ ఈవింగ్ ప్రకటించినప్పుడు చాలామంది కళ్ళు చెమర్చాయి. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకూ గొంతు పట్టేస్తుంది.

ఈ పార్లమెంటు ఏం చేయగలదో మీ జేబులోనే తెలుస్తుంది. 1998 చట్టంలో లండన్ దగ్గర ఉండే విషయాల జాబితా ఒకటి ఉంది: విదేశీ వ్యవహారాలు, రక్షణ, ఇమిగ్రేషన్, కరెన్సీ, రాజ్యాంగం లాంటివి. ఆ జాబితాలో లేనిదంతా ఎడిన్‌బరోది, అంటే స్కాట్లాండ్ పార్లమెంటుది. వైద్యం, చదువు, పోలీసు, కోర్టులు, స్థానిక పాలన అలా వచ్చినవే. 2016 చట్టంతో జీతాల మీద ఆదాయ పన్ను రేట్లు, శ్లాబులు కూడా వచ్చాయి.

మీరు ఇక్కడ ఉద్యోగంలో చేరితే పే స్లిప్‌లో టాక్స్ కోడ్ ముందు ఎస్ అక్షరం చూస్తారు. స్కాట్లాండ్ రేట్లతో పన్ను కట్టేవాళ్ళని అర్థం. ఒకే ఐటీ కంపెనీలో, ఒకే జీతానికి, ఒకరు గ్లాస్గోలోనూ ఇంకొకరు మాంచెస్టర్‌లోనూ పని చేసే అన్నదమ్ములు నా దగ్గరకొచ్చారు. గ్లాస్గో తమ్ముడి చేతికి తక్కువ వస్తోందని, కంపెనీ లెక్క తప్పిందని వాళ్ళ అనుమానం. తప్పేమీ లేదు. ఇంగ్లాండ్‌లో 40 శాతం పన్ను 50,270 పౌండ్ల తర్వాత మొదలవుతుంది, ఇక్కడ 42 శాతం 43,662 దాటగానే మొదలవుతుంది. 50,000 జీతం మీద ఏడాదికి సుమారు 1,500 పౌండ్లు తేడా. ఇందులో ఇంకో చిక్కు ఉంది. పెన్షన్ లాంటి వాటి కోసం జీతంలోంచి కోసే నేషనల్ ఇన్సూరెన్స్ లండన్ చేతిలో ఉంది, దాని 8 శాతం 50,270 దాకా ఇంగ్లాండ్ శ్లాబుకి తగ్గట్టు నడుస్తుంది. అందువల్ల ఆ మధ్య జీతంలో ఇక్కడివాళ్ళు పౌండుకి సగం కట్టేస్తారు. రెండు ప్రభుత్వాలు ఒకే జీతం మీద చెరో చెయ్యి వేస్తే ఇలాగే ఉంటుంది.

ఆ డబ్బు ఎటు పోతోందో కూడా చెప్పాలి. ఇక్కడి పిల్లలకి డిగ్రీ ట్యూషన్ ఫీజు లేదు (మీలా బయటి నుంచి వచ్చేవాళ్ళకి ఇది వర్తించదు). 65 దాటిన వృద్ధులకి ఇంటి దగ్గర వ్యక్తిగత సేవలు 2002 నుంచి ఉచితం. డాక్టర్ రాసిన మందులకి 2011 నుంచి డబ్బు కట్టక్కర్లేదు, ఇంగ్లాండ్‌లో ఒక్కో మందుకి 9.90 పౌండ్లు. ఇది మీకూ వర్తిస్తుంది. వీసాతో పాటు మీరు కట్టే హెల్త్ సర్‌చార్జ్, ఏడాదికి 776 పౌండ్లు, లండన్ నిర్ణయించింది. మందుల షాపులో డబ్బు అడగకుండా మందులు చేతిలో పెట్టడం ఎడిన్‌బరో నిర్ణయం.

ఇక ఎక్కడ ఒత్తుకుంటుందో చెప్తాను.

నా పనిలో అన్నిటికంటే బాధపెట్టేది వీసాలు. స్కాట్లాండ్‌లో, ముఖ్యంగా ఉత్తరాన హైలాండ్స్‌లో, ముసలివాళ్ళు ఎక్కువ, పనిచేసే వయసువాళ్ళు తక్కువ. అక్కడ ఒక కేర్ హోమ్ నడిపే ఆవిడ దగ్గర ఇద్దరు తెలుగమ్మాయిలు పనిచేస్తున్నారు, ఇంకా మనుషులు కావాలి. వృద్ధుల సంరక్షణ ఎడిన్‌బరో బాధ్యత, దానికి మనిషిని రప్పించే వీసా లండన్ చేతిలో ఉంది. 2024 మార్చి నుంచి కేర్ వర్కర్లు భార్యనో భర్తనో పిల్లలనో వెంట తెచ్చుకోవడం ఆపేశారు, 2025 జులైలో విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. "మా ఫస్ట్ మినిస్టర్‌కి రాస్తే వీసా ఇవ్వరా?" అని ఆవిడ అడిగింది (ఫస్ట్ మినిస్టర్ అంటే స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత, మన ముఖ్యమంత్రి లాంటివారు). ఇవ్వలేరు. లండన్ ఒప్పుకుంటే ఇక్కడికి వేరే పద్ధతి పెట్టడం అసాధ్యమేమీ కాదు. 2005 నుంచి 2008 దాకా ఫ్రెష్ టాలెంట్ అనే పథకం కింద స్కాట్లాండ్‌లో చదివినవాళ్ళు రెండేళ్ళు ఇక్కడే ఉండి పని చేసుకునే వీలుండేది. ఇక్కడ స్థిరపడిన పాత తెలుగు కుటుంబాల్లో కొన్ని అలా వచ్చినవే.

రెండోది సీసాల సంగతి. తాగేసిన సీసా తిరిగిస్తే 20 పెన్నీలు వెనక్కిచ్చే పథకానికి ఎడిన్‌బరో చట్టం చేసింది. పర్యావరణం దాని పరిధిలోదే. కానీ బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) తర్వాత 2020లో లండన్ తెచ్చిన ఇంటర్నల్ మార్కెట్ చట్టం ప్రకారం, ఇంగ్లాండ్‌లో అమ్మగలిగిన వస్తువుని స్కాట్లాండ్‌లో ఆపాలంటే మినహాయింపు కావాలి. 2023లో లండన్ గాజు సీసాలు వదిలేస్తేనే మినహాయింపు అంది, పథకం ఆగిపోయింది. నిజం చెప్పాలంటే పథకం తయారీలోనూ లోపాలున్నాయి, చిన్న వ్యాపారులు ముందు నుంచీ మొత్తుకుంటున్నారు. కానీ మంచిదో చెడ్డదో తేల్చాల్సింది ఇక్కడి ఓటర్లు. వాళ్ళకి ఆ అవకాశమే రాలేదు.

ఆ ఇంటర్నల్ మార్కెట్ చట్టానికి స్కాట్లాండ్ పార్లమెంటు సమ్మతి ఇవ్వలేదు. ఇచ్చిన అధికారాల జోలికి ఆ పార్లమెంటు సమ్మతి లేకుండా సాధారణంగా రామని 2016 చట్టంలో లండనే రాసుకుంది. 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ వాక్యం రాజకీయ సంప్రదాయమే తప్ప కోర్టులు అమలు చేసే హక్కు కాదని తేల్చింది. 2018లో బ్రెగ్జిట్ చట్టాన్ని ఇక్కడి సభ కాదన్నా పాస్ చేశారు. చట్టంలో రాసి ఉన్నా కోర్టుకెళ్ళి పట్టుకోలేని హామీ ఇది. క్లయింట్లకి దీన్ని వివరించడం నాకు ప్రతిసారీ కష్టమే.

2014 సెప్టెంబరు 18కి వద్దాం. 2012 అక్టోబరులో అప్పటి స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ అలెక్స్ సాల్మండ్, బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ ఎడిన్‌బరోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు, లండన్ తాత్కాలికంగా ఓటు పెట్టే అధికారం ఇచ్చింది. పుట్టుకను బట్టి కాకుండా నివాసాన్ని బట్టి ఓటు ఇచ్చారు. పదహారేళ్ళ పిల్లలకీ ఇచ్చారు. కామన్వెల్త్ పౌరులు కాబట్టి ఇక్కడ వీసా మీద ఉంటున్న మన తెలుగువాళ్ళకీ ఓటు వచ్చింది. గ్లాస్గోలో పుట్టి లండన్‌లో ఉద్యోగం చేసుకునే మనిషికి ఓటు లేదు, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ చదువుతున్న అబ్బాయికి ఉంది. "మాది కాని దేశం గురించి మేమెలా ఓటేస్తాం?" అని మొహమాటపడిన పిల్లలతో నేను చాలా మాట్లాడాను. ఇక్కడ ఉండేవాళ్ళందరిదీ ఈ నిర్ణయం అని స్కాట్లాండ్ అనుకుంది. ఆ పెద్దమనసుకి నేను ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెడతాను.

84.6 శాతం పోలింగ్. వద్దన్నవాళ్ళు 55.3 శాతం, కావాలన్నవాళ్ళు 44.7 శాతం. గ్లాస్గో, డండీ కావాలన్నాయి. ఎడిన్‌బరో వద్దంది. ఓటుకి రెండు రోజుల ముందు మూడు పెద్ద పార్టీల నాయకులు మరిన్ని అధికారాలిస్తామని మాటిచ్చారు, 2016 చట్టం దాని ఫలితమే. విడిపోతే యూరోపియన్ యూనియన్ సభ్యత్వం పోతుందని కూడా ఆ ప్రచారంలో గట్టిగా చెప్పారు. 2016 జూన్‌లో బ్రెగ్జిట్ ఓటు వచ్చింది. స్కాట్లాండ్‌లో 62 శాతం, 32 కౌన్సిల్ ప్రాంతాల్లో ఒక్కటి కూడా తప్పకుండా, యూరోపియన్ యూనియన్‌లో ఉంటామన్నారు. అయినా బయటికి రావాల్సి వచ్చింది. 2014లో వద్దని ఓటేసి ఆ రోజుతో మనసు మార్చుకున్నవాళ్ళు నా పక్క సీటులోనే ఉన్నారు.

2021 ఎన్నికల్లో స్వాతంత్ర్యం కోరే పార్టీలకి 129లో 72 సీట్లు వచ్చాయి, స్కాటిష్ నేషనల్ పార్టీకి 64, గ్రీన్స్‌కి 8. మళ్ళీ ఓటు పెడతామన్నారు. లండన్ ఒప్పుకోలేదు. 2022 నవంబరు 23న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీలూ ఒకే మాట చెప్పారు: లండన్ అనుమతి లేకుండా స్కాట్లాండ్ పార్లమెంటు అలాంటి ఓటుకి చట్టం చేయలేదు. తీర్పు చదివాను, చట్టం ప్రకారం సరైన తీర్పే. నా అభ్యంతరం ఆ చట్టం మీద.

బ్రిటన్‌లోనే భాగమైన ఉత్తర ఐర్లాండ్‌కి ఒక దారి రాసి ఉంది. అక్కడ మెజారిటీ ఐర్లాండ్‌తో కలవాలనుకుంటున్నట్టు కనిపిస్తే లండన్ మంత్రి ఓటు పెట్టి తీరాలి, ఒక ఓటుకీ ఇంకో ఓటుకీ కనీసం ఏడేళ్ళ ఎడం ఉండాలి. 1998 శాంతి ఒప్పందం తర్వాత చట్టంలోకి వచ్చింది ఇది. స్కాట్లాండ్‌కి అలాంటి దారి ఏదీ లేదు. ఏం జరిగితే మళ్ళీ ఓటు పెడతారో చెప్పేవాళ్ళు లేరు. ఇది స్వచ్ఛందంగా కలిసిన యూనియన్ అని చెప్తున్నప్పుడు, బయటికి వెళ్ళే దారి ఎలా తెరుచుకుంటుందో కూడా రాసి ఉండాలి. విడిపోవడం మంచిదని నేను అనడం లేదు. విడిపోవద్దనేవాళ్ళకి కూడా ఈ రాతే మేలు. ఏడాదికోసారి రెఫరెండం (ఇలాంటి జనం ఓటు) వస్తుందన్న భయం ఉండదు, "మమ్మల్ని అడగనివ్వడం లేదు" అన్న మాటకి బలం ఉండదు.

విడిపోవాలనేవాళ్ళు కూడా జవాబివ్వాల్సినవి ఉన్నాయి. ఏ కరెన్సీ వాడతారు? 2014లో పౌండుని పంచుకుంటామన్నారు, లండన్ కుదరదంది, అప్పటి నుంచి ఆ ప్రశ్నకి అందరూ ఒప్పుకునే జవాబు రాలేదు. స్కాట్లాండ్ ప్రభుత్వం ఏటా విడుదల చేసే లెక్కల్లోనే 2023–24 లోటు జీడీపీలో 10.4 శాతం. ఇవి బ్రిటన్‌లో కలిసి ఉన్నప్పటి లెక్కలని వాళ్ళంటారు. అది నిజమే, కానీ మొదటి బడ్జెట్ ఈ అంకెల దగ్గరే మొదలవుతుంది. స్కాట్లాండ్ బయటికి చేసే సరుకుల, సేవల అమ్మకాల్లో ఎక్కువ భాగం ఇంగ్లాండ్‌తో సహా మిగతా బ్రిటన్‌కే పోతుంది. యూరోపియన్ యూనియన్‌లో చేరితే ఇంగ్లాండ్ సరిహద్దులో కస్టమ్స్ వస్తుంది. నా క్లయింట్లలో వారానికోసారి ఇంగ్లాండ్ సరిహద్దు ఊరు కార్లైల్ వెళ్ళి సరుకు తెచ్చుకునే దుకాణదారు ఉన్నాడు. అతనికి ఇది సిద్ధాంతం కాదు, వ్యాన్ ఎక్కడ ఆపుతారన్న ప్రశ్న.

ఇంకో మాట, పార్టీనీ వాదాన్నీ కలిపేయకండి. 2024లో లండన్ పార్లమెంటు ఎన్నికల్లో స్కాటిష్ నేషనల్ పార్టీ 48 సీట్ల నుంచి 9కి పడిపోయింది. ఆసుపత్రి క్యూలు, ఫెర్రీలు, పార్టీలోని సొంత గొడవలు జనానికి విసుగు తెప్పించాయి. స్వాతంత్ర్యం కావాలా అని సర్వేలు అడిగితే మాత్రం దాదాపు సగం సగం దగ్గరే నిలబడుతోంది, కుర్రవాళ్ళలో కావాలనేవాళ్ళు ఎక్కువ.

మీ విషయానికొస్తే, ఇక్కడికి రాగానే చేయాల్సిన పని ఒకటుంది. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో, చెల్లే వీసాతో ఇక్కడ ఉంటే మీకు ఓటు హక్కు ఉంది, స్కాట్లాండ్ పార్లమెంటుకీ, కౌన్సిల్‌కీ, లండన్ పార్లమెంటుకీ. ఇంటి అడ్రస్ ఖాయమైన వారంలోనే ఆన్‌లైన్‌లో ఓటరుగా నమోదు చేసుకోండి, పది నిమిషాల పని. ఇల్లు మారితే మళ్ళీ చేయాలి, విద్యార్థులు ఎక్కువగా మర్చిపోయేది అదే. క్లాసులో ఈ చర్చ వస్తే మీ తోటివాళ్ళని "మీ ఇంట్లో 2014లో ఎవరు ఎటు వేశారు?" అని అడగండి. చాలా ఇళ్ళల్లో తల్లిదండ్రులు ఒకవైపు, పిల్లలు ఒకవైపు. మర్యాదగా అడిగితే గంటసేపు చెప్తారు. ఇంకేమైనా సందేహం ఉంటే కింద రాయండి, వీసా సంగతులైతే వివరాలు బయటపెట్టకుండా అడగండి.